బెల్ మోగగానే కుక్క ఎందుకు మొరుగుతుంది? ఇంట్లో శిక్షణ వెనక అసలు సంగతి

హైదరాబాద్‌లోని పద్మారావునగర్‌లో మాది రెండో అంతస్తు ఫ్లాట్. మూడేళ్ల కిందట వానాకాలంలో మా సెల్లార్‌లో, బైకుల వెనక తడిసి వణుకుతూ దొరికిన దేశీ కుక్కపిల్ల మా జున్ను. గోధుమ రంగు, ఒక చెవి నిలువుగా, ఇంకోటి వాలుగా. అది వచ్చిన మొదటి ఏడాది మా ఇంట్లో రోజుకు నాలుగైదు సార్లు ఒకటే తంతు. కాలింగ్ బెల్ మోగేది. జున్ను తలుపు మీదికి దూకి మొరిగేది. హాల్లోంచి మా వారు "ఏయ్, ఆపు!" అని, వంటింట్లోంచి అత్తయ్య "చాల్లే, ఊరుకోవే" అని, గదిలోంచి మా అబ్బాయి "జున్నూ, నో!" అని అందరూ ఒకేసారి కేకలేసేవాళ్లు. కొరియర్ అతను పార్సిల్ గుమ్మం ముందు పెట్టి దిగి వెళ్లిపోయేవాడు.

ఇదే సంగతి జున్ను వైపు నుంచి చూడండి. బెల్ మోగింది. నేను మొరిగాను. నాతోపాటు ఇంటిల్లిపాదీ గొంతు కలిపారు. బయటి మనిషి వెళ్లిపోయాడు. అంటే మొరగడం పనిచేసింది. రోజుకు ఐదు సార్ల చొప్పున ఏడాది పొడవునా మేమే దానికి తలుపు దగ్గర మొరగడం నేర్పించాం. మాకు ఆ సంగతి తెలియడానికే చాలాకాలం పట్టింది.

కుక్కకు శిక్షణ అనగానే మనకు గుర్తొచ్చేది సాయంత్రం పది నిమిషాల "సిట్, స్టాండ్, షేక్‌హ్యాండ్". ఆ పది నిమిషాలే పాఠం, మిగతా రోజంతా సెలవు అనుకుంటాం. కుక్కకు అలాంటి సెలవు లేదు. దేని తర్వాత ఏం జరిగింది, తను ఏం చేస్తే ఏం దొరికింది అని మెలకువగా ఉన్నంతసేపూ గమనిస్తూనే ఉంటుంది. మన మాట కన్నా, మన మాట తర్వాత ఏం జరిగిందన్నదే దానికి ముఖ్యం. ఇంట్లో శిక్షణలో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఇక్కడే మొదలవుతాయి.

రెండు రకాల చదువు

కుక్క నేర్చుకునే దారులు రెండు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఒకే సమస్యకు పక్కింటివాళ్లు ఒక సలహా, ఫోన్లో వీడియో ఇంకో సలహా, పెట్ షాపతను మరో సలహా ఇస్తుంటారు.

మొదటి దారి పేరు చెబితే చాలామందికి తెలుసు. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు. కుక్కల నోట్లో లాలాజలం ఎంత ఊరుతోందో కొలుస్తున్నప్పుడు ఆయనకో సంగతి కనిపించింది. తిండి నోటికి అందకముందే, దాన్ని తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే లాలాజలం ఊరుతోంది. ఆ చప్పుడుకీ తిండికీ సంబంధం ఉందని కుక్క ఒంటికి తెలిసిపోయింది. ఇందులో కుక్క కావాలని చేసేదేమీ లేదు. మేకుకు తగిలించిన చైన్ కాస్త గలగలమంటే జున్ను ఎక్కడున్నా లేచి తోకాడిస్తుంది. క్లినిక్ ఉన్న వీధి మలుపు తిరగ్గానే తోక కాళ్ల మధ్య పెట్టుకుంటుంది. ఒకదాని వెనక ఇంకోటి వస్తూ ఉంటే, మొదటిదాని మీదే ఇష్టమో భయమో ఏర్పడిపోతుంది. ఇది మనసుకు సంబంధించిన చదువు.

రెండోది చేతలకు సంబంధించింది. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లుల్ని పెట్టెల్లో ఉంచి, మీట నొక్కితే తలుపు తెరుచుకునేలా ఏర్పాటు చేశాడు. మొదట అవి గీరాయి, కొరికాయి, పొరపాటున మీట నొక్కాయి. మళ్లీ మళ్లీ పెడుతుంటే గీరడం తగ్గి, మీట నొక్కడం త్వరగా జరిగింది. ఫలితం బాగున్న పని నిలబడుతుంది, ఫలితం లేని పని మానుకుంటాయి. 1930ల్లో బి.ఎఫ్. స్కిన్నర్ ఈ దారిని ఇంకా లోతుగా కొలిచాడు. కూర్చుంటే ముక్క దొరికింది కాబట్టి కుక్క మళ్లీ కూర్చుంటుంది. మొరిగితే కొరియర్ అతను వెళ్లాడు కాబట్టి మళ్లీ మొరుగుతుంది.

ఈ రెండూ ఎప్పుడూ కలిసే నడుస్తాయి. మీరు "కూర్చో" అని నేర్పుతూ చెంప మీద ఒకటి వేశారనుకోండి. కూర్చోవడం నేర్చుకుంటుందేమో కానీ, దాంతోపాటే మీ చెయ్యి పైకి లేస్తే నొప్పి అన్నది కూడా నేర్చుకుంటుంది. రేపు ముద్దు చేయడానికి చెయ్యెత్తినా ముడుచుకుపోతుంది. మనం నేర్పింది ఒకటే అనుకుంటాం, అది నేర్చుకున్నవి రెండు.

కాబట్టి ఏ సమస్య వచ్చినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: నా కుక్క ఈ పని దేనికోసమో చేస్తోందా, లేక భయపడి చేస్తోందా? భోజనాల దగ్గర కాలు గీకుతూ అడుక్కోవడం మొదటి రకం. టపాసుల చప్పుడుకు మంచం కింద దూరడం రెండో రకం. అడుక్కునే కుక్కకు ముక్క పెడితే అడుక్కోవడం పెరుగుతుంది. భయపడే కుక్కను దగ్గరకు తీసుకుని ముక్క పెడితే భయం పెరగదు. "ఓదారిస్తే భయం అలవాటవుతుంది" అని చాలామంది చెప్తారు, ఆ మాట తప్పు. భయం ఎవరో జీతం ఇస్తే చేసే పని కాదు. ఉరుముకి ఉలిక్కిపడ్డ పసిబిడ్డను ఎత్తుకుంటే బిడ్డ ఇంకా ఎక్కువ ఉలిక్కిపడదు కదా.

శనగ గింజంత ముక్క

మొదటి పాఠం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగ గింజంత ముక్కలు చేసి గిన్నెలో పెట్టుకోండి. చికెన్ వండని ఇల్లయితే పనీర్ చాలు. కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, అవి కుక్కకు విషం. భోజనానికి ముందు, ఇల్లు కాస్త నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఒక ముక్క వేళ్ల మధ్య పట్టుకుని కుక్క ముక్కు దగ్గర పెట్టి, అక్కణ్నుంచి నెమ్మదిగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తుంది, నడుము దానంతటదే కిందికి దిగుతుంది. వెనక భాగం నేలకు తగిలిన ఆ క్షణంలోనే "భలే" అనండి, వెంటనే ముక్క ఇవ్వండి. నడుం పట్టుకుని కిందికి నొక్కాల్సిన అవసరం లేదు.

ఇక్కడ అన్నిటికన్నా విలువైనది సమయం. కుక్క కూర్చున్నాక మీరు జేబులో వెతికి, ప్యాకెట్ చింపి, ముక్క తీసేసరికి అది లేచి నిలబడి ఉంటుంది. మీరు ఇచ్చిన ముక్క నిలబడ్డందుకు ఇచ్చినట్టే. "భలే" లాంటి ఒక చిన్న మాట ఉండేది ఇందుకే. ముక్క చేరడం రెండు క్షణాలు ఆలస్యమైనా, "ఇదిగో, ఈ పనికే నీకు ఇది" అని ఆ మాట గుర్తు పెట్టేస్తుంది. శిక్షకులు వాడే క్లిక్కర్ అనే చిన్న టిక్కుటిక్కు డబ్బీ చేసేదీ అదే. దాన్ని కొనకపోయినా నష్టం లేదు. కాకపోతే ఆ మాటను మామూలు కబుర్లలో వాడకండి, శిక్షణకే ఉంచుకోండి.

ఐదారు సార్లు అయ్యాక చేతిలో ముక్క లేకుండా అదే సైగ చేయండి. కూర్చుంటే "భలే" అని, పక్కనున్న గిన్నెలోంచి తీసి ఇవ్వండి. ఈ మెట్టు చాలా ఇళ్లలో ఎక్కరు. అందుకే "మా వాడు చేతిలో ఏమైనా ఉంటేనే వింటాడు" అనే మాట ఎక్కువ వింటాం. ముందే చూపించి పని చేయించుకుంటే అది లంచం. పని అయ్యాక ఇస్తే జీతం. లంచం మరిగిన కుక్క చెయ్యి వంక చూస్తుంది, జీతానికి అలవాటు పడ్డ కుక్క మన మొహం వంక చూస్తుంది. పని బాగా వచ్చాక జీతం ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు, అప్పుడప్పుడు ఇస్తే ఇంకా గట్టిగా నిలబడుతుంది.

అదే సూత్రం మనకు ఎదురు తిరిగే చోటు డైనింగ్ టేబుల్. వారం రోజులు ఎవరూ ఏమీ పెట్టకపోతే అడుక్కోవడం ఆగిపోయే ముందు ఒక్కసారిగా బాగా పెరుగుతుంది. గీకుతుంది, మూలుగుతుంది, మొరుగుతుంది. సరిగ్గా ఆ రోజే జాలిపడి ఎవరో ఒకరు చపాతీ ముక్క విసురుతారు. దాంతో "గట్టిగా మొరిగితే, ఇంకాస్త ఓపిక పడితే దొరుకుతుంది" అని తేలిపోతుంది. లాటరీ టికెట్ కొనేవాళ్లు మానకపోవడానికి కారణం కూడా ఇదే, ఎప్పుడో ఒకసారి తగలడం. ఇంట్లో పెద్దవాళ్లకు పెట్టాలనిపిస్తే వద్దనక్కర్లేదు. భోజనం అయ్యాక, దాని గిన్నెలో, దాని చోట పెట్టమనండి. మా అత్తయ్య ఇప్పుడు అలాగే పెరుగన్నం పెడుతుంది.

కూర్చో, సిట్, బైఠ్

హైదరాబాద్ ఇళ్లలో ఉండే చిక్కు ఒకటుంది. అత్తయ్య "కూకో" అంటుంది, మా వారు "సిట్" అంటారు, అబ్బాయి "సిట్ డౌన్ జున్నూ, సిట్ సిట్" అంటాడు, కింద వాచ్‌మన్ అన్న "బైఠ్" అంటాడు. నాలుగూ మనకు ఒకటే. కుక్కకు నాలుగూ నాలుగు చప్పుళ్లు.

ఇంగ్లిష్‌లో చెబితేనే కుక్క వింటుందని ఎందుకో మనలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. కుక్కకు ఏ భాషైనా ఒకటే, మాట ఎప్పుడూ ఒకేలా ఉంటే చాలు. అలాగని దానికి భాషల తేడా తెలియదని కాదు. బుడాపెస్ట్‌లోని పరిశోధకులు 18 కుక్కల మెదడును స్కాన్ చేస్తూ స్పానిష్, హంగేరియన్ మాటలు వినిపించారు. 2022లో వెలువడిన ఆ పరిశోధనలో, అలవాటైన భాషకూ కొత్త భాషకూ కుక్క మెదడు వేరువేరుగా స్పందిస్తుందని తేలింది. మీరు ఇంట్లో మాట్లాడే తెలుగు దాని చెవికి అలవాటైన భాష. నిశ్చింతగా తెలుగులోనే నేర్పండి.

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం. కూర్చో, ఆగు, రా, వదిలెయ్, చాప (అంటే చాప మీదికి వెళ్లు అని). ఈ ఐదు మాటలు, ఒక్కోదానికి ఒక్కో చేతి సైగ. అందరూ అవే వాడాలి. "రా" అన్న మాటతో పిలిచి తిట్టకూడదు, స్నానానికి ఈడ్చుకెళ్లకూడదు అని కింద రాశాం. చేతి సైగ తప్పనిసరి, ఎందుకంటే మాట కన్నా మన ఒంటి కదలికను కుక్కలు త్వరగా పట్టేస్తాయి. వినికిడి తగ్గే ముసలితనంలో కూడా సైగే అక్కరకొస్తుంది. ఇంకో మాట. ఒకసారి చెప్పి రెండు మూడు క్షణాలు ఆగండి. "సిట్ సిట్ సిట్" అని నాలుగుసార్లు అంటే, నాలుగోసారికి కూర్చోవాలి కాబోలు అని అది నేర్చుకుంటుంది.

హాల్లో చక్కగా కూర్చునే కుక్క లిఫ్ట్ దగ్గర కూర్చోకపోతే మొండితనం అనుకోకండి. కుక్కకు "హాల్లో, సోఫా ముందు, అమ్మ నిలబడి ఉన్నప్పుడు కూర్చో" అనేది ఒక పాఠం. లిఫ్ట్ ముందు కూర్చోవడం ఇంకో పాఠం. ప్రతి కొత్త చోటా మళ్లీ మొదటి నుంచి నేర్పాలి, కాకపోతే ప్రతిసారీ ఇంకాస్త త్వరగా వస్తుంది. పెంచాల్సినవి మూడు: దూరం, సేపు, సందడి. ఒకేసారి ఒకదాన్నే పెంచాలి. "ఆగు" అని చెప్పి పది అడుగులు దూరం వెళ్తే, సేపు తగ్గించాలి. రోడ్డు మీద సందడిలో నేర్పితే, పక్కనే నిలబడాలి. రోజూ గంట సాగదీయడం కన్నా మూడు నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు మంచిది. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు ఒక పాఠం అయిపోతుంది.

"నువ్వే బాస్ అని చూపించాలి" అన్న మాట

ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాన్ని వదిలేయడం తేలిక. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్లను చూసి, వాటిలో పెత్తనం కోసం పోరు నడుస్తుందని రాశాడు. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో తన పుస్తకంతో ఆ ఆలోచనను అందరికీ చేర్చాడు. తర్వాత ఆయనే అడవిలో తోడేళ్ల వెంట ఏళ్ల తరబడి తిరిగి, 1999లో దాన్ని సరిదిద్దుతూ వ్యాసం రాశాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మ, నాన్న, పిల్లలు. అక్కడ పెద్దరికం ఉంటుంది కానీ సింహాసనం కోసం యుద్ధం ఉండదు. ఒక శాస్త్రవేత్త తన మాటను తనే వెనక్కి తీసుకున్నా, కుక్కను వెల్లకిలా పడేసి తొక్కిపట్టమనే సలహా మాత్రం ఇంకా మన కాలనీల్లో తిరుగుతూనే ఉంది. సోఫా ఎక్కే కుక్కకు మీ ఇంటి పెత్తనం అక్కర్లేదు. సోఫా మెత్తగా ఉందని ఎక్కుతుంది.

కొట్టడం పనిచేయదా అంటే, కొన్నిసార్లు అప్పటికి పనిచేస్తుంది. చిక్కు కూడా అక్కడే. కుక్క ఆగడం చూసి మనకు తృప్తి కలుగుతుంది, దాంతో మళ్లీ చెయ్యి లేస్తుంది. పోర్చుగల్ పరిశోధకులు 2020లో 92 కుక్కలను పరిశీలించినప్పుడు, శిక్షతో నేర్పే చోట పెరిగిన వాటిలో ఒత్తిడి లక్షణాలు ఎక్కువ కనిపించాయి, శిక్షణ తర్వాత ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువ పెరిగింది. "తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి" అంటాం కదా. న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో 14 కుక్కల మీద చేసిన పరీక్షలో, ఆ తప్పుచేసిన మొహం కుక్క నిజంగా తప్పు చేసినప్పుడు కన్నా యజమాని తిట్టినప్పుడు ఎక్కువ కనిపించింది. ఏ తప్పూ చేయని కుక్క కూడా తిడితే ఆ మొహమే పెట్టింది. అది పశ్చాత్తాపం కాదు, మన కోపాన్ని చల్లార్చే ప్రయత్నం. పొద్దున చెప్పు కొరికితే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తిడితే, "సాయంత్రం తలుపు తీసుకుని వచ్చే మనిషి భయంకరం" అన్నది మాత్రమే దానికి అందుతుంది.

గుర్రుమన్నందుకు కొట్టడం అన్నిటికన్నా ప్రమాదం. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దాన్ని అణిచేస్తే హెచ్చరిక పోతుంది, లోపలి భయం పోదు. "ఏ చప్పుడూ చేయకుండా హఠాత్తుగా కరిచింది" అనే సంఘటనల్లో చాలాసార్లు ముందు ఆ హెచ్చరికను ఎవరో నోరు మూయించి ఉంటారు. గుర్రుమంటే ఆగండి, వెనక్కి జరగండి, దేనికి అలా చేసిందో చూడండి.

పిల్లగా ఉన్నప్పుడు

దొడ్డికి, మూత్రానికి బయటికి వెళ్లడం నేర్పడం మనం అనుకున్నంత కష్టం కాదు. అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ కోసం ఆగాల్సి రావడమే అసలు ఇబ్బంది. రెండు నెలల పిల్ల పగటిపూట రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట అయ్యాక ఎత్తుకుని కిందికి తీసుకెళ్లండి. అక్కడ పని కాగానే అక్కడే ముక్క ఇవ్వండి, పైకి వచ్చాక ఇస్తే లిఫ్ట్ ఎక్కినందుకు ఇచ్చినట్టు. ఇంట్లో తడిపితే ఏమీ అనకుండా తుడవండి. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే దానికి మూత్రం వాసనలాగే అనిపించి మళ్లీ అక్కడే పోస్తుంది. ఎంజైమ్ క్లీనర్ వాసనను పూర్తిగా పోగొడుతుంది. ముక్కు నేలకేసి రుద్దడం పాత పద్ధతి. దానివల్ల మన ముందు పోయకూడదని నేర్చుకుని సోఫా వెనక పోస్తుంది.

కొరకడం గురించి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చిగుళ్లు సలుపుతాయి. పళ్లు మన చర్మానికి తగిలితే ఆట ఆపి అర నిమిషం లేచి పక్కకు వెళ్లండి, నమలడానికి దానికంటూ ఒక వస్తువు ఇవ్వండి. పిల్లలకు రోజుకు 16 నుంచి 18 గంటల నిద్ర కావాలి. సాయంత్రం ఇంట్లో పరుగులు పెడుతూ అందరి కాళ్లూ కొరికే పిల్లకు చాలాసార్లు కావాల్సింది ఇంకో ఆట కాదు, నిద్ర.

వీటన్నిటికన్నా పెద్ద సంగతి మూడు వారాల వయసు నుంచి దాదాపు 14 వారాల దాకా ఉండే కాలం. ఈ రోజుల్లో ప్రశాంతంగా చూసినవన్నీ కుక్కకు జీవితాంతం మామూలు సంగతులవుతాయి. చూడనివి తర్వాత భయపెడతాయి. సరిగ్గా ఇదే సమయంలో పార్వో లాంటి జబ్బుల భయం కూడా ఉంటుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై మూడు నాలుగు వారాలకోసారి 16 వారాల దాకా సాగుతాయి, రేబిస్ టీకా మూడో నెలలో. "అన్నీ అయ్యేదాకా గడప దాటనివ్వొద్దు" అని పాటిస్తే జబ్బు రాకపోవచ్చు కానీ అలవాటు పడే ఆ కాలం దాటిపోతుంది. మధ్యేమార్గం ఉంది. వీధి నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పండి. జున్నును నేను భుజానికి గుడ్డసంచి వేసుకుని అందులో కూర్చోబెట్టి మోండా మార్కెట్ దాకా తీసుకెళ్లేదాన్ని. ఆటోలు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, బురఖా వేసుకున్నవాళ్లు, చేతికర్ర తాతలు, కూరగాయల బండి మైకు, అన్నీ దూరం నుంచి చూసేది. ప్రతి కొత్త చప్పుడుకీ ఒక చిన్న ముక్క. పది నిమిషాలు చాలు, వణికితే ఇంటికి.

బోనాలు, వినాయకుడు, దీపావళి

మన ఊరి కుక్కలకు జూలై నుంచి నవంబర్ దాకా పరీక్షా కాలం. డప్పులు, తీన్మార్, డీజే బండ్లు, ఆపైన టపాసులు. మనకు 20 వేల హెర్ట్జ్ దాకానే వినిపిస్తుంది, కుక్కకు 45 వేల దాకా. ఈ భయం పావ్లోవ్ దారిలో ఏర్పడుతుంది, ఆ దారిలోనే తగ్గించాలి. పండగకు కనీసం రెండు నెలల ముందు ఫోన్‌లో టపాసుల చప్పుడు, వినిపించీ వినిపించనంత తక్కువగా పెట్టండి. చప్పుడు వచ్చాక చికెన్, చప్పుడు ఆగితే చికెన్ బంద్. వరస ఇదే ఉండాలి, ముందు చప్పుడు, తర్వాత ముక్క. కొన్ని రోజులకు చప్పుడు వినగానే ముక్క కోసం మీ వైపు చూస్తుంది. అప్పుడే ఒక్క గీత పెంచాలి. చెవులు వెనక్కి వాల్చినా, పెదాలు నాకినా, ముక్క తీసుకోకపోయినా ఎక్కువైందని అర్థం, వెనక్కి రావాలి. పండగ రోజు మాత్రం శిక్షణ మాటెత్తకండి. లోపలి గదిలో ఫ్యాన్, టీవీ పెట్టి, కిటికీలు మూసి, మంచం కింద దానికి చోటివ్వండి. భయం మరీ ఎక్కువైతే డాక్టర్ దగ్గర మందులున్నాయి, వారం ముందే అడగండి.

బయట నడిపించడంలో ఇక్కడ రెండు ఇబ్బందులు. ఒకటి ఎండ. మే నెలలో తారు మీద అరచెయ్యి వెనక భాగం ఐదు క్షణాలు ఆనించలేకపోతే, అది కుక్క కాళ్లకూ వేడే. రెండోది ప్రతి గల్లీకీ ఉండే కుక్కల సరిహద్దు. వాటిని చూడగానే మనం చైన్ బిగబడతాం, మెడ బిగుసుకోగానే మన కుక్క మీదికి ఉరుకుతుంది. "వేరే కుక్క కనిపిస్తే నా మెడ నొప్పి" అని మనమే జత చేస్తున్నాం. మెడ బెల్ట్‌కు బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. దూరం నుంచి కనిపించగానే ముక్క ఇచ్చి, తిరిగి వెళ్లిపోవడం ఇంట్లోనే ముందు నేర్పండి. కేబీఆర్ జాతీయ పార్కులోకి కుక్కలను రానివ్వరు. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ కుక్కలకోసమే 1.3 ఎకరాల్లో డాగ్ పార్క్ కట్టింది, 2018లో తెరిచారు. మన వైపు నుంచి దూరమే, కానీ నెలకోసారి వెళ్లినా చైన్ లేకుండా "రా" సాధన చేయడానికి కంచె ఉన్న చోటు దొరుకుతుంది.

తలుపు దగ్గరి శిక్షణ ముచ్చట కోసం చేసేది కాదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వచ్చిన యువకుడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ వస్తే, తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి, తర్వాత ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ వార్త చదివిన రోజు మా తలుపు ముందు పార్సిల్ పెట్టి దిగిపోయే అబ్బాయి నాకు గుర్తొచ్చాడు. పెంపుడు జంతువు వల్ల ఇతరులకు హాని జరగకుండా జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అపార్ట్‌మెంట్ సంఘం కుక్కలను నిషేధించకూడదు, లిఫ్ట్ ఎక్కకుండా ఆపకూడదు అని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ హక్కును మనం లిఫ్ట్‌లో నిలబడి గట్టిగా చెప్పాలంటే, పక్కన పిల్లల్ని ఎత్తుకున్న తల్లికి భయం కలగకుండా మన కుక్క మూలన కూర్చోగలగాలి.

ఇంట్లో తేలనివి కూడా ఉంటాయి. కరిచిన కుక్క, గిన్నె దగ్గర మనుషుల్ని రానివ్వని కుక్క, నిన్నటిదాకా బాగుండి ఇవాళ ముట్టుకుంటే గుర్రుమనే కుక్క. చివరిదానికి ముందు డాక్టర్‌ను చూడాలి. చెవి పోటు, పంటి నొప్పి, కీళ్ల నొప్పి చాలాసార్లు కోపంలా బయటికి వస్తాయి. శిక్షకుణ్ని పిలిస్తే రెండు అడగండి: సరిగ్గా చేస్తే ఏం ఇస్తారు, తప్పు చేస్తే ఏం చేస్తారు? రెండో జవాబులో గొలుసు గుంజడం, షాక్ కాలర్ ఉంటే వద్దనండి. నెల రోజులు తీసుకెళ్లి నేర్పి తెచ్చిస్తామనేవాళ్లు, మిమ్మల్ని చూడ్డానికి రానివ్వకపోతే అసలే వద్దు. అక్కడ నేర్చుకున్నది అక్కడి మనుషులతో, అక్కడి నేల మీద. మీ గుమ్మం దగ్గర మళ్లీ మీరే నేర్పాలి.

మా గుమ్మం దగ్గర మేం చేసింది ఇది. మొదటి వారం బెల్ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, సన్నగా వినిపించి, ప్రతిసారీ హాలు మూలనున్న చాప మీద ఒక ముక్క పెట్టాం. రెండో వారం మధ్యాహ్నం కాఫీ తాగాక అత్తయ్య చెప్పులేసుకుని బయటికి వెళ్లి నిజం బెల్ నొక్కేది, నేను లోపల ముక్కలు పెట్టేదాన్ని. రోజుకు పదిసార్లు. తలుపు తీస్తే రోజూ చూసే అత్తయ్యే. మొదట మొరిగింది, తర్వాత మొరిగి చాప వైపు చూసింది, నాలుగో వారంలో ఒక రోజు బెల్ మోగగానే నేరుగా చాప మీదికి వెళ్లి నా మొహం చూసింది. ఆ రోజు గిన్నెలో ఉన్నవన్నీ పెట్టేశాను. తర్వాత పక్క ఫ్లాట్ పిన్నిగారిని నొక్కమన్నాం, ఆపైన వాచ్‌మన్ అన్నను, చివరికి నిజం కొరియర్‌ను. ఇంట్లో ఎవరూ అరవకపోవడం అన్నిటికన్నా కష్టమైంది, మా అబ్బాయికి ఆ అలవాటు పోవడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ జున్ను ఒకసారి "భౌ" అంటుంది, దేశీ కుక్క, కాపలా దాని రక్తంలోనే ఉంది, ఆ ఒక్కటీ మేం వదిలేశాం. అన్నాక చాప దగ్గరికి పోతుంది. మొన్న గ్యాస్ బండ తెచ్చిన అతను లోపలికి వచ్చి, బండ దించి, దాన్ని చూసి "నీకు పేరేంట్రా" అని అడిగాడు. జున్ను చాప మీంచి లేవకుండానే తోక రెండుసార్లు నేలకేసి కొట్టింది.